ఇఎల్34 ఉన్న చోట కెటి88 పెట్టవచ్చా? పవర్ ట్యూబుల మార్పిడిపై చర్చ

నల్లకుంట_శ్రోత
అందరికీ నమస్కారం. దుబాయ్ నుంచి తిరిగి వస్తూ మా బావగారు తెచ్చి ఇచ్చిన ఇంటిగ్రేటెడ్ ట్యూబ్ యాంప్లిఫయర్ ఒకటి నా దగ్గర ఉంది. ఒక్కో చానెల్‌కు రెండు చొప్పున నాలుగు ఇఎల్34 ట్యూబులు పుష్-పుల్ పద్ధతిలో (జంటలో ఒక్కోటి సిగ్నల్‌లో ఒక్కో సగాన్ని మోసే పద్ధతి), అల్ట్రాలీనియర్ కనెక్షన్‌తో పనిచేస్తాయి. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ ట్యూబు జిజెడ్34. బయాస్ (కాథోడ్ నుంచి ప్లేటుకు వెళ్లే కరెంటును అదుపు చేయడానికి గ్రిడ్‌కు ఇచ్చే మైనస్ వోల్టేజి) ఫిక్స్‌డ్ రకం, దాన్ని సరిచేయడానికి ప్రతి ట్యూబుకూ విడిగా ప్రీసెట్, కాథోడ్ దగ్గర 10 ఓంల రెసిస్టరు ఉన్నాయి. మాన్యువల్‌లో ప్లేట్ వోల్టేజి 430 అనీ, శక్తి చానెల్‌కు 35 వాట్లనీ రాశారు.

ఈ మధ్య ఎడమ చానెల్‌లో ఒక ట్యూబు బయాస్‌ను 40 మిల్లీయాంపులకు సరిచేసి వదిలితే, కాసేపటికి దానంతట అదే 50 దాటిపోతోంది. ఎలాగూ ట్యూబులు మార్చాలి కదా అనుకుంటున్న సమయంలో, సికింద్రాబాద్‌లో ఉండే మిత్రుడొకరు తాను వాడని నాలుగు కెటి88 ట్యూబులు ఇస్తానన్నారు. పిన్నులు ఒకటే కాబట్టి నేరుగా పెట్టేయవచ్చనీ, శక్తి 50 వాట్లకు పెరుగుతుందనీ ఆయన నమ్మకం. అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

బంజారా_బాస్
శ్రోత గారూ, కెటి88 అవకాశం వదులుకోకండి. నా యాంప్లిఫయర్‌లో రెండు రకాలూ విన్నాను. ఇఎల్34తో గొంతు, వీణ చాలా దగ్గరగా, మెత్తగా వినిపిస్తాయి, కాదనను. కానీ మృదంగం తొప్పి మీద చెయ్యి పడినప్పుడు వచ్చే బరువు, ఆ వెంటనే ఆగిపోయే తీరు నాకు కెటి88తోనే సరిగా వినిపించాయి. హీటర్ కరెంటు కూడా దాదాపు సమానమే, 1.5 యాంపులకు బదులు 1.6. ఆ మాత్రం తేడాకు ఏ ట్రాన్స్‌ఫార్మరూ కాలిపోదు.

సైనిక్‌పురి_వాల్వు
బాస్ గారు హీటర్ గురించి చెప్పింది నిజమే. నాలుగు ట్యూబులకు కలిపి 6 యాంపులు 6.4 అవుతుంది, అంటే రెండున్నర వాట్ల అదనపు భారం మాత్రమే. చిక్కు హీటర్‌లో లేదు. తాళంచెవి కన్నంలో దూరినంత మాత్రాన తాళం తెరుచుకోదు, ఇక్కడ పిన్నుల సంగతీ అంతే.

మొదట బయాస్ చూద్దాం. స్క్రీన్ గ్రిడ్ (కంట్రోల్ గ్రిడ్‌కూ ప్లేటుకూ మధ్య ఉండే రెండో గ్రిడ్) ప్రభావంతో పోల్చినప్పుడు కంట్రోల్ గ్రిడ్ ప్రభావం ఎన్ని రెట్లో చెప్పే గుణకం ఇఎల్34కు సుమారు 11, కెటి88కు సుమారు 8. దీని అర్థం ఏమిటంటే, అదే 430 వోల్టుల దగ్గర ఇఎల్34ను అదుపులో ఉంచడానికి గ్రిడ్‌కు మైనస్ 36 నుంచి 40 వోల్టులు సరిపోతే, కెటి88కు మైనస్ 50 పైచిలుకు కావాలి. ఇఎల్34 కోసం సరిచేసిన ప్రీసెట్‌ను కదపకుండా కెటి88 పెట్టి స్విచ్ వేస్తే, ఒక్కో ట్యూబు కరెంటు 100 మిల్లీయాంపులు దాటవచ్చు. 430 వోల్టుల దగ్గర 100 మిల్లీయాంపులంటే 43 వాట్లు. కెటి88 ప్లేటుకు కంపెనీ అనుమతించిన పరిమితి 35 వాట్లు. ప్లేటు ఎర్రబడటానికి నిమిషాలు చాలు.

మీరు ముందుగా రెండు సంగతులు చెప్పండి. ప్రీసెట్‌ను ఒక చివర నుంచి మరో చివరకు తిప్పితే ఐదో పిన్ను, అంటే కంట్రోల్ గ్రిడ్ దగ్గర వోల్టేజి ఎంత నుంచి ఎంతవరకు మారుతోంది? ఐదో పిన్ను నుంచి బయాస్ సప్లయికి వెళ్లే గ్రిడ్ రెసిస్టరు విలువ ఎంత? పవర్ ట్యూబులు నాలుగూ తీసేసి కొలవండి. కెపాసిటర్లలో 400 వోల్టులకు పైగా ఉంటుందని మరవకండి. మల్టీమీటర్ నల్ల వైరును ఛాసిస్‌కు క్లిప్పుతో బిగించి, ఒక్క చేత్తోనే పని చేయండి.

నల్లకుంట_శ్రోత
ధన్యవాదాలండి. ప్రీసెట్ పరిధి మైనస్ 30 నుంచి మైనస్ 46 వరకు ఉంది. గ్రిడ్ రెసిస్టర్లు నాలుగూ 470 కిలో ఓంలు, వాటి ముందు, ముందరి ట్యూబు నుంచి సిగ్నల్‌ను తెచ్చే కప్లింగ్ కెపాసిటర్లు 0.1 మైక్రోఫారడ్.

సైనిక్‌పురి_వాల్వు
అయితే నేరుగా పెట్టడమన్న ప్రశ్నే లేదు. మైనస్ 46 దగ్గర కెటి88 ఇంకా ఎక్కువ కరెంటే లాగుతుంది. బయాస్ సప్లయిలో రెసిస్టర్లు మార్చి పరిధిని 60 దాకా పెంచుకోవచ్చు, అది పెద్ద పని కాదు.

అసలు అడ్డంకి 470 కిలో ఓంల రెసిస్టరు. ఫిక్స్‌డ్ బయాస్‌లో ఇఎల్34కు 500 కిలో ఓంల వరకు అనుమతి ఉంది. కెటి88కు 220 కిలో ఓంలు దాటకూడదు, ప్లేటు, స్క్రీన్ రెండింటిలో కలిపి వేడిగా ఖర్చయ్యే శక్తి (డిసిపేషన్) 35 వాట్లకు మించితే 100కు మించకూడదు. దాని అమెరికన్ సోదరి 6550 విషయంలో టంగ్‌సోల్ కంపెనీ ఇంకా కఠినంగా 50 కిలో ఓంలే అంది. ఈ హద్దు వెనుక కారణం ఉంది. ట్యూబు వేడెక్కినప్పుడు కంట్రోల్ గ్రిడ్‌లో అతి స్వల్పంగా ఎదురు కరెంటు పుడుతుంది. 10 మైక్రోయాంపులు అనుకుంటే, 470 కిలో ఓంల మీద అది 4.7 వోల్టులు. మీరు పెట్టిన మైనస్ బయాస్ అంతమేరకు తరిగిపోతుంది, దానితో ప్లేట్ కరెంటు పెరుగుతుంది, దానితో ట్యూబు ఇంకా వేడెక్కుతుంది, ఆ వేడికి గ్రిడ్ కరెంటు మరింత పెరుగుతుంది. ఈ చక్రం ఒకసారి మొదలైతే ఫ్యూజు పోవాలి, లేదా ట్యూబు పోవాలి.

మీ ఎడమ చానెల్ ట్యూబు 40 నుంచి 50కి జారడం నాకు ఈ కథ మొదటి అధ్యాయంలాగానే అనిపిస్తోంది. కాబట్టి కొత్త ట్యూబుల మాట పక్కన పెట్టి ముందు దాని సంగతి తేల్చాలి.

కొలతల_పిచ్చి
ఆ 50 వాట్ల మాట గురించి నేను చెబుతాను. యాంప్లిఫయర్ ఎంత శక్తి ఇస్తుందన్నది ట్యూబు పేరు మీద కాక, దానికి అందే వోల్టేజి మీద, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ ఇంపెడెన్స్ మీద ఆధారపడుతుంది. ఇఎల్34 జంటకు సాధారణంగా వాడే 6.6 కిలో ఓంల ట్రాన్స్‌ఫార్మర్ మీద, అదే 430 వోల్టులతో కెటి88 పెడితే శక్తి ఉన్న చోటే ఉంటుంది. కెటి88 తన బలం చూపాలంటే 4 నుంచి 5 కిలో ఓంల ప్రైమరీ, ఇంకొంచెం ఎక్కువ వోల్టేజి, దానికి తగిన పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అంటే అది వేరే యాంప్లిఫయరే. పోనీ 35 వాట్లు నిజంగానే 50 అయ్యాయనుకున్నా, ఆ పెరుగుదల డెసిబెల్స్‌లో ఒకటిన్నర మాత్రమే.

రెక్టిఫయర్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ప్లేటు డిసిపేషన్ పరిమితిలో 70 శాతం దగ్గర బయాస్ పెట్టడం వాడుక. ఇఎల్34కు అది 25లో 17.5 వాట్లు, అంటే 430 వోల్టుల దగ్గర దాదాపు 40 మిల్లీయాంపులు. కెటి88కు 35లో 24.5 వాట్లు, అంటే 57 మిల్లీయాంపులు. నాలుగింటికి 228 అవుతుంది, ముందున్న చిన్న ట్యూబులు ఇంకో పది పదిహేను లాగుతాయి. జిజెడ్34 గరిష్ఠ పరిమితి 250. పాట మొదలు కాకముందే గీత దగ్గరికి చేరుకున్నట్టు. పైగా పవర్ ట్రాన్స్‌ఫార్మర్ మీద సుమారు 29 వాట్ల అదనపు భారం ఎప్పుడూ ఉంటుంది. హీటర్ల వల్ల పెరిగే రెండున్నర వాట్లను దీనితో పోల్చి చూడండి. మే నెలలో 42 డిగ్రీల ఎండలో, మూసిన షోకేసులో పెట్టే అలవాటు ఉన్నవారికి ఇది ఇంకా పెద్ద సంగతి.

బంజారా_బాస్
లెక్కలు కాదనలేను. అయితే అన్ని యాంప్లిఫయర్లకూ ఇదే వర్తిస్తుందని కొత్తవారు అనుకోకూడదు. నాది రెండు రకాల ట్యూబులనూ స్వీకరించేలా తయారైనదే. ప్రైమాలూనా వంటి కంపెనీలు బయాస్‌ను దానంతట అదే సరిచేసుకునే సర్క్యూట్‌తో ఇలాంటివి అమ్ముతున్నాయి. తయారీదారు మాన్యువల్‌లో ఏ ట్యూబుల పేర్లు రాశారో వాటిని నిర్భయంగా మార్చుకోవచ్చు. శ్రోత గారి మాన్యువల్‌లో ఇఎల్34 తప్ప వేరే పేరు లేకపోతే, నా మొదటి సలహాను ఈ షరతుతో కలిపి చదువుకోగలరు.

మల్కాజిగిరి_6వి6
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించాలి. నాది రెండు 6వి6 ట్యూబుల చిన్న యాంప్లిఫయర్, కాథోడ్ బయాస్ (కాథోడ్ రెసిస్టరు మీద పడే వోల్టేజితోనే బయాస్ వచ్చే రకం). అందులో బయాస్ తనంతట తానే సర్దుకుంటుంది కదా, మరి ఇఎల్34 పెట్టవచ్చా?

సైనిక్‌పురి_వాల్వు
పెట్టకండి. 6వి6 హీటర్ 0.45 యాంపులు, ఇఎల్34ది 1.5. జంటకు 0.9 ఇవ్వడానికి చుట్టిన వైండింగు నుంచి 3 యాంపులు లాగితే ట్రాన్స్‌ఫార్మర్ వాసన మీకే తెలుస్తుంది. కాథోడ్ బయాస్ కొంతవరకు సర్దుకుంటుందన్నది నిజమే కానీ, ఆ రెసిస్టరు విలువ 6వి6ను దృష్టిలో పెట్టుకుని ఎంచినది. మరొకటి, ఇఎల్34లో సప్రెసర్ గ్రిడ్ ఒకటో పిన్నుకు విడిగా వస్తుంది, దాన్ని ఎనిమిదో పిన్నులోని కాథోడ్‌తో కలపాలి. 6వి6, 6ఎల్6, కెటి88 ట్యూబులకు లోపల అలాంటి గ్రిడ్ కనెక్షన్ ఒకటో పిన్నుకు ఉండదు కాబట్టి, వాటి కోసం కట్టిన యాంప్లిఫయర్లలో ఆ పిన్నును ఖాళీగా వదిలేస్తారు, లేదా వేరే వైర్లు కలపడానికి ఆధారంగా వాడుకుంటారు. తిరగేసి చూడకుండా ఇఎల్34 పెట్టడం ప్రమాదం.

గుజరాతీగల్లీ_గ్రాహకుడు
శ్రోత గారూ, యాంప్లిఫయర్ దుబాయ్‌ది అన్నారు. వెనుక వోల్టేజి ఎంత అని రాసి ఉంది? 220 అయితే, మీ ఇంట్లో సప్లయి ఎంత వస్తోందో ట్యూబుల జోలికి పోయే ముందే చూడండి. మన దగ్గర ప్రామాణికం 230, దానికి ఆరు శాతం అటూ ఇటూ అంటే దాదాపు 244 వరకు రావచ్చు. పాత 220 వోల్టుల సామాను తెచ్చుకున్న చాలామంది ఈ సంగతి చూసుకోరు.

నల్లకుంట_శ్రోత
మీరు చెప్పినట్టే వెనుక 220 అని మాత్రమే రాసి ఉంది, మార్చుకునే ట్యాపు లేదు. పగలు 236 వచ్చింది. రాత్రి చుట్టుపక్కల ఏసీల వాడకం తగ్గాక 244 ఉంది. అదే సమయంలో రెండు, ఏడు పిన్నుల మధ్య హీటర్ వోల్టేజి చూస్తే 7.0 ఉంది, ప్లేట్ వోల్టేజి 474 ఉంది. 430 ఉండాల్సిన చోట ఇంత ఉండటం చూసి యాంప్లిఫయర్ ఆపేశాను. నేను పాటలు వినేది ఎక్కువగా రాత్రి పూటే.

సైనిక్‌పురి_వాల్వు
గల్లీ గారు అసలు చోట వేలు పెట్టారు. 6.3కు పది శాతం కలిపితే 6.93, మీ హీటర్లు ఆ హద్దు దాటి నడుస్తున్నాయి. హీటర్ అతిగా కాలితే కాథోడ్ మీది బేరియం పూత ఆవిరై పక్కనే ఉన్న కంట్రోల్ గ్రిడ్ మీద చేరుతుంది, అప్పుడు గ్రిడ్ తానే ఎలక్ట్రాన్లు వదలడం మొదలుపెడుతుంది. ఇందాక చెప్పిన ఎదురు కరెంటు పుట్టే దారుల్లో ఇది ఒకటి. పైగా 474 వోల్టుల దగ్గర 40 మిల్లీయాంపులంటే 19 వాట్లు, 50కి జారితే దాదాపు 24. ఇందులో కొంత స్క్రీన్ కరెంటు, ఎందుకంటే కాథోడ్ రెసిస్టరు మీద మనం చూసేది రెండూ కలిసిన మొత్తం. ఇఎల్34లో ప్లేటుకు 100 వెళితే స్క్రీన్‌కు దాదాపు 15 వెళుతుంది. దాన్ని తీసేసినా ట్యూబు తన హద్దుకు చాలా దగ్గరగా ఉన్నట్టే. ఈ పరిస్థితిలో కెటి88 పెట్టి ఉంటే, గ్రిడ్ రెసిస్టరు దానికి అనుమతించిన దానికి రెట్టింపు ఉన్న ఈ సర్క్యూట్‌లో జారుడు ఇంకా వేగంగా ఉండేది.

ఇప్పుడు చేయాల్సిన పని ట్యూబులు మార్చడం కాదు, వోల్టేజి దించడం. 230 వోల్టుల ప్రైమరీ, 12-0-12 సెకండరీ, 2 యాంపుల ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి తీసుకోండి. మధ్య వైరును వదిలేసి రెండు చివరల మధ్య ఉన్న 24 వోల్టులను, ఫేజ్‌కు వ్యతిరేక దిశలో యాంప్లిఫయర్‌కు వరుసగా కలపాలి. 244 వచ్చినప్పుడు సెకండరీలో 25 పైన వస్తుంది, అది తీసివేయగా యాంప్లిఫయర్‌కు 219 వోల్టులు చేరతాయి.

కొలతల_పిచ్చి
దీనికి రెండు జాగ్రత్తలు జోడిస్తాను. దిశ తప్పితే ఆ 25 వోల్టులు తగ్గడానికి బదులు కలుస్తాయి, అంటే 269. కాబట్టి యాంప్లిఫయర్ తగిలించే ముందు ఒక మామూలు బల్బు పెట్టి, దాని మీద వోల్టేజి కొలిచి నిర్ధారించుకోవాలి. రెండోది, ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను బయట వేలాడదీయకుండా ఎర్త్ చేసిన ఇనుప పెట్టెలో బిగించి, ప్రైమరీకి విడిగా ఫ్యూజు పెట్టాలి. మెయిన్స్ వైరింగ్ అలవాటు లేకపోతే తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించండి, ఇందులో మొహమాటం అక్కరలేదు.

గుజరాతీగల్లీ_గ్రాహకుడు
12-0-12 రకం కోఠిలో గుజరాతీ గల్లీలో ఏ షాపులోనైనా దొరుకుతుంది. రాగి వైండింగే అడగండి. రెండు యాంపులని రాసి ఉన్నా చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంటే నమ్మకండి.

నల్లకుంట_శ్రోత
పెట్టె తయారైంది. వైరింగ్ మా వీధి ఎలక్ట్రీషియన్ చేశారు, బల్బు పరీక్ష కూడా దగ్గరుండి చేయించాను. రాత్రి 243 వచ్చినప్పుడు యాంప్లిఫయర్ దగ్గర 218, హీటర్లు 6.25, ప్లేట్లు 427 వోల్టులు. యాంప్లిఫయర్ పవర్ ట్రాన్స్‌ఫార్మర్ గతంలో చెయ్యి పెట్టలేనంత కాలేది, ఇప్పుడు గోరువెచ్చగా ఉంది. మూడు ట్యూబులు 40 దగ్గర కదలకుండా నిలిచాయి. ఆ ఎడమ చానెల్ ట్యూబు మాత్రం ఇంకా 46 దాకా పోతోంది.

సైనిక్‌పురి_వాల్వు
ఆ ట్యూబును కుడి చానెల్‌లోని ఒక దానితో అటూ ఇటూ మార్చి, రెండింటికీ బయాస్ మళ్లీ సరిచేసి చూడండి. జారుడు ట్యూబుతో పాటు వెళితే లోపం ట్యూబుదే. పాత సాకెట్ దగ్గరే ఉండిపోతే కప్లింగ్ కెపాసిటరు లీకవుతోందని అర్థం. అలా లీకయితే ముందరి ట్యూబు ప్లేటు నుంచి ప్లస్ వోల్టేజి గ్రిడ్‌కు చేరుతుంది, అప్పుడు ఎంత మంచి ట్యూబు తెచ్చి పెట్టినా అది పాడవుతుంది.

నల్లకుంట_శ్రోత
జారుడు ట్యూబుతో పాటు కుడి చానెల్‌కు వెళ్లింది. కెపాసిటరు బాగానే ఉన్నట్టు. మిత్రుడికి విషయం చెప్పి కెటి88 వద్దన్నాను, ఆయన వాటి కోసం 5 కిలో ఓంల ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టించి వేరే యాంప్లిఫయర్ కట్టుకుంటానంటున్నారు. ఇక నేను ఏమి కొనాలి? ఇఎల్34నేనా, లేక కెటి77, 6ఎల్6జిసి కూడా ఆలోచించవచ్చా?

సైనిక్‌పురి_వాల్వు
కెటి77ను ఇఎల్34కు ప్రత్యామ్నాయంగానే తయారుచేశారు, హీటర్ 1.4 యాంపులు, బయాస్ కూడా మీ ప్రీసెట్ పరిధిలోకి వస్తుంది. అందులో సప్రెసర్ గ్రిడ్ బదులు ఎలక్ట్రాన్ ధారను పలకలతో మళ్లించే పద్ధతి ఉంటుంది. మీ సర్క్యూట్‌లో పెట్టదగిన వేరే రకం అదొక్కటే అని నా అభిప్రాయం. 6ఎల్6జిసి హీటర్ 0.9 యాంపులే కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్‌కు సుఖమే. అయితే దానికి కూడా కొంచెం ఎక్కువ మైనస్ వోల్టేజి కావాలి, గ్రిడ్ రెసిస్టరు తగ్గించాలి. 470ని 220 చేస్తే 0.1 మైక్రోఫారడ్ కప్లింగ్‌తో కింది హద్దు 3.4 హెర్ట్జ్ నుంచి 7.2కి ఎక్కుతుంది, ఫీడ్‌బ్యాక్ ఉన్న యాంప్లిఫయర్‌లో అది స్థిరత్వాన్ని కదపవచ్చు. కెపాసిటరును 0.22 చేస్తే మళ్లీ పాత చోటికి వస్తుంది గానీ, ఇంత పని కేవలం ఒక రుచి మార్పు కోసం నేనైతే చేయను.

ఈ రోజుల్లో తయారయ్యేవి స్లొవేకియాలోని జెజె, రష్యాలో సరాతోవ్ కర్మాగారం, చైనా కంపెనీల నుంచే ఎక్కువగా వస్తున్నాయి. ఏది తీసుకున్నా నాలుగూ మ్యాచ్ చేసినవి, అంటే కరెంటు సమంగా ఉండేలా ఏరినవి అడగండి. పుష్-పుల్‌లో రెండు సగాల కరెంటు సమంగా లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కోరులో ఒకవైపు అయస్కాంతత్వం మిగిలి బాస్ చెడుతుంది, హమ్ కూడా పెరుగుతుంది.

బంజారా_బాస్
కెటి77 ఒకసారి వినండి శ్రోత గారూ. ఇఎల్34 గొంతు పోకుండా కింద కొంచెం పట్టు వస్తుంది.

కొలతల_పిచ్చి
వినేటప్పుడు ఒక చానెల్‌లో ఇఎల్34 జంట, రెండో చానెల్‌లో కెటి77 జంట పెట్టి, మోనో రికార్డింగు వేసి, 1 కిలోహెర్ట్జ్ టోన్‌తో రెండు స్పీకర్ల దగ్గర వోల్టేజి సమం చేసుకుని వినండి. ట్యూబు మారినప్పుడు గెయిన్ కూడా కొద్దిగా మారుతుంది, అర డెసిబెల్ ఎక్కువగా మోగేదాన్నే మన చెవి మంచిదని ఎంచుతుంది. ఆ తర్వాత స్పీకర్లు తారుమారు చేసి మళ్లీ వినాలి, గది మూలల ప్రభావం తక్కువేమీ కాదు. నా అనుమానం ఏమిటంటే, ఇంతకాలం 474 వోల్టుల దగ్గర వింటున్న మీకు 427కి దిగినందువల్ల వచ్చిన మార్పే ఈ రెండు ట్యూబుల మధ్య తేడా కన్నా పెద్దదిగా వినిపిస్తుంది. బాస్ గారు దీనికి ఒప్పుకోరని తెలుసు.

బంజారా_బాస్
ఒప్పుకోను. కానీ పరీక్ష పద్ధతి సరైనదే, ఫలితం ఇక్కడ రాయండి.

నల్లకుంట_శ్రోత
నాలుగు మ్యాచ్ చేసిన ఇఎల్34 ట్యూబులు తెప్పించుకుంటాను. పాత మూడింటిలో బాగున్న జంటను పక్కన ఉంచుకుంటాను. కెటి77 జంట ఎవరి దగ్గరైనా కొద్ది రోజులకు అరువుగా దొరికితే ఆ పరీక్ష చేస్తాను.

సైనిక్‌పురి_వాల్వు
నా దగ్గర ఒక జంట ఉంది, వచ్చి తీసుకువెళ్లండి. కొత్త ట్యూబులు పెట్టే ముందు నాలుగు ప్రీసెట్లనూ అత్యధిక మైనస్‌కు, అంటే మీ మైనస్ 46కు తిప్పి, స్పీకర్లు గానీ 8 ఓంల లోడు గానీ తగిలించి, ఆ తర్వాతే స్విచ్ వేయండి. పది నిమిషాల తర్వాత ఒక్కో ట్యూబునూ కాథోడ్ రెసిస్టరు మీద 0.30 వోల్టుల దాకా తీసుకువచ్చి, అరగంట ఆగి 0.40కి చేర్చండి. మొదటి వారం తర్వాత మరోసారి చూడాలి, చూసేటప్పుడు సప్లయి వోల్టేజిని కూడా పక్కన రాసుకోండి.